ఒక్క వాక్యం కోసం ఆరు శనివారాలు: పర్యావరణ హక్కు వర్క్‌షాప్ ఎలా ఉందంటే

ఈ వర్క్‌షాప్‌లో నేను చేరడానికి కారణం ఒక ఉత్తరం. మేముండే చోటికి దగ్గర్లో ఒక ఫ్యాక్టరీ ఉంది, రాత్రి పది దాటాక పొగ వదులుతుంది. మా చిన్నదానికి ఆయాసం, నెలకు రెండు మూడుసార్లు నెబ్యులైజర్ పెట్టాల్సి వస్తోంది. రెండేళ్ళు అర్జీలు పెట్టీ పెట్టీ, ఫోన్లు చేసీ చేసీ విసిగిపోయాక ఒక ఆఫీసు నుంచి ఒక పేజీ జవాబు వచ్చింది. అందులో అసలు విషయం ఒకే ఒక్క వాక్యం: "ఉద్గారాలు నిర్దేశిత పరిమితులకు లోబడి ఉన్నాయి." చదివి ఏం చేయాలో తెలియలేదు. పరిమితికి లోబడి ఉంటే మా పిల్లకు ఊపిరి ఎందుకు ఆడటం లేదు? ఆ పరిమితి ఎవరు పెట్టారు, ఎవరి ఊపిరితిత్తుల్ని దృష్టిలో పెట్టుకుని పెట్టారు? అడగడానికి కూడా ఒక దారి ఉండాలి కదా, ఆ దారే కనపడలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే తెలిసినవాళ్ళు ఒక లింక్ పంపారు. ఆరు వారాల ఆన్‌లైన్ వర్క్‌షాప్, శనివారం సాయంత్రం రెండు గంటలు, తెలుగులో. విషయం: ఆరోగ్యకరమైన పర్యావరణాన్ని రాజ్యాంగంలో హక్కుగా రాయాలంటే ఆ వాక్యం ఎలా ఉండాలి? చివరి రోజుకి ప్రతి ఒక్కరూ ఒక అధికరణం రాసి ఇవ్వాలి. నిర్వాహకుల పేరు ఇక్కడ రాయడం లేదు. బ్యాచ్‌లో మేం పద్దెనిమిది మందిమే, తోటివాళ్ళు చెప్పుకున్న సొంత విషయాలు కూడా ఇందులో వస్తాయి కాబట్టి అలా వదిలేయడమే మంచిది. చేరాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్ళకి నా అనుభవం పనికొస్తుందని రాస్తున్నా.

నడిపిన మేడమ్ చాలా ఏళ్ళు రాజ్యాంగ న్యాయశాస్త్రం పాఠాలు చెప్పినావిడ. ఆవిడ పద్ధతి నాకు బాగా నచ్చింది. లెక్చర్ మామూలుగా అరగంట దాటదు. తర్వాత ఎవరో ఒకరు రాసుకొచ్చిన వాక్యాన్ని స్క్రీన్ మీద పెడతారు. మిగతావాళ్ళలో కొందరు ప్రభుత్వ వకీలు, కొందరు కంపెనీ వకీలు, ఇంకొందరు జడ్జి. అందరూ కలిసి ఆ వాక్యంలో ఎక్కడ సందు ఉందో వెతకాలి. దీన్ని ఆవిడ "విరగ్గొట్టడం" అనేవారు. "ఈరోజు ఎవరి వాక్యం విరగ్గొడదాం?" అని మొదలుపెట్టేవారు. మొదట్లో భయం వేసింది, తర్వాత శనివారం కోసం ఎదురుచూడటం అలవాటైంది.

మొదటి వారం నా వాక్యమే పెట్టారు. "ప్రతి పౌరునికీ స్వచ్ఛమైన, సురక్షితమైన, ఆరోగ్యకరమైన, సుస్థిరమైన పర్యావరణంలో జీవించే హక్కు కలదు" అని రాశాను. బాగా రాశానని చాలా సంతోషపడ్డాను కూడా. పది నిమిషాల్లో ఏమీ మిగల్లేదు. "పౌరునికి" అన్నాను కదా, మరి పౌరసత్వం లేని కూలీ సంగతేంటి, శరణార్థి సంగతేంటి అని ఒకరు. పిల్లల వార్డులో పనిచేసే ఒక నర్సు అక్క అయితే "మా దగ్గర నెబ్యులైజర్ పెట్టేముందు ఏ దేశం అని అడగం" అంది. నేను వెంటనే "ప్రతి మనిషికీ" అని మార్చేశా. తర్వాత మేడమ్ అడిగిన ప్రశ్నకు మాత్రం నా దగ్గర జవాబు లేదు. "ఈ వాక్యం రాజ్యాంగంలో ఎక్కడ ఉంటుంది? ఏ భాగంలో పెడతారు?"

ఆ ప్రశ్న నాకెప్పుడూ తట్టలేదు. రాజ్యాంగంలో రాస్తే చాలనుకున్నా. చోటు మారితే బలం మారుతుందని ఆ రోజే తెలిసింది. స్పెయిన్ 1978 రాజ్యాంగంలో 45వ అధికరణం తగిన పర్యావరణాన్ని అనుభవించే హక్కు అందరికీ ఉందని చక్కగా చెబుతుంది, కానీ దాన్ని సామాజిక, ఆర్థిక విధాన సూత్రాల అధ్యాయంలో పెట్టారు. ఆ అధ్యాయంలోని వాటిని కోర్టులో వాడుకోవాలంటే వాటిని అమలుచేసే చట్టాలు ఎలా చెబితే అలాగే అని 53వ అధికరణం కట్టేస్తుంది. అంటే హక్కు అనే పేరు ఉంది, తాళంచెవి మాత్రం చట్టసభ దగ్గర ఉంది. భారత రాజ్యాంగంలో పర్యావరణాన్ని కాపాడాలని ప్రభుత్వానికి చెప్పే 48ఎ అధికరణాన్ని 1976లో 42వ సవరణతో చేర్చారు, కానీ అది ఆదేశిక సూత్రాల్లో ఉంది, వాటిని కోర్టులు అమలు చేయించలేవని 37వ అధికరణం నేరుగానే చెబుతుంది. 51ఎ(జి) పౌరుల విధి గురించి, అంటే మనం చేయాల్సిన పని గురించి. మరి హక్కు ఎక్కడి నుంచి వచ్చిందంటే, జీవించే హక్కు ఇచ్చే 21వ అధికరణంలో నుంచి సుప్రీంకోర్టు తీసింది. కాలుష్యం లేని నీరు, గాలి పొందడం జీవించే హక్కులో భాగమే అని 1991లో సుభాష్ కుమార్ కేసులో చెప్పింది. ఇక్కడ మేడమ్ చెప్పిన ఒక విషయం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. అంత గొప్ప మాట చెప్పిన ఆ కేసులో పిటిషనే కొట్టేశారు! ప్రజా ప్రయోజనం కోసం కాదు, సొంత ప్రయోజనం కోసం వేశారని.

ఒక కుర్రాడు, ఇంజినీరింగ్ చదువుతున్నాడట, వెంటనే అడిగాడు. "కోర్టు ఎలాగూ తీసి ఇచ్చేసింది కదా మేడమ్, ఇక విడిగా రాయడం ఎందుకు?" మంచి ప్రశ్న. కోర్టు చెప్పినదాన్ని రేపు ఇంకో బెంచ్ కుదించవచ్చు, రాసి ఉన్న వాక్యాన్ని కుదించడం అంత తేలిక కాదు అన్నారావిడ. తర్వాత, రాసి ఉన్నదాన్ని కూడా ఎలా నిద్రపుచ్చవచ్చో వచ్చే వారం చూద్దాం అన్నారు.

ఆ రెండో వారం ఒక్కటి చాలు, ఈ వర్క్‌షాప్‌కి మంచి మార్కులు వేయడానికి.

అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం 1971లో తన రాజ్యాంగంలో, హక్కుల ప్రకటనలోనే, 27వ సెక్షన్ చేర్చుకుంది. స్వచ్ఛమైన గాలి, శుద్ధమైన నీరు ప్రజల హక్కు. ప్రజల సహజ వనరులు అందరి ఉమ్మడి ఆస్తి, ఇంకా పుట్టని తరాలతో సహా. ఆ ఆస్తికి రాష్ట్రం ట్రస్టీ. మంచి చోట పెట్టారు, మంచి మాటలు రాశారు. రెండేళ్ళకే, 1973లో, ఒక రోడ్డు వెడల్పు చేసే కేసు వచ్చింది, నది ఒడ్డున ఉన్న పార్కు స్థలం కొంత పోతుందని కొందరు అడ్డం పడ్డారు. అక్కడి కోర్టు మూడు ప్రశ్నల పరీక్ష పెట్టింది. వర్తించే చట్టాలను పాటించారా? నష్టం తగ్గించడానికి తగినంత ప్రయత్నం చేశారా? లాభం కంటే నష్టం మరీ ఎక్కువగా ఉందా?

మొదటి ప్రశ్న స్క్రీన్ మీద చూడగానే నాకు ఒళ్ళు జలదరించింది. వర్తించే చట్టాలను పాటించారా! నా ఉత్తరంలో ఉన్నది కూడా అదే కదా. పరిమితులకు లోబడి ఉన్నాయి. రాజ్యాంగం ఒక హక్కు ఇచ్చాక, ఆ హక్కు నిలబడిందా లేదా అని చూడాల్సిన చోట, చట్టం పాటించారా అని చూసి ఫైలు మూసేస్తే రాజ్యాంగంలో రాసుకుని ఏం లాభం? చట్టమే బలహీనంగా ఉంటే అప్పుడెలా? ఆ పరీక్ష పుణ్యమా అని పెన్సిల్వేనియా సెక్షన్ నలభై ఏళ్ళపాటు దాదాపు నిద్రలోనే ఉంది. షేల్ గ్యాస్ తవ్వకాలకు అనుకూలంగా, ఎక్కడ ఏం కట్టవచ్చో తేల్చే ఊళ్ళ అధికారాన్ని (జోనింగ్) తగ్గిస్తూ 2012లో రాష్ట్రం ఒక చట్టం చేస్తే, 2013లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు రాబిన్సన్ టౌన్‌షిప్ కేసులో అందులోని ముఖ్యమైన భాగాలను కొట్టేసింది. అక్కడ ముగ్గురు జడ్జీలు 27వ సెక్షన్ మీదే ఆధారపడ్డారు. 2017లో ఇంకో కేసులో ఆ పాత మూడు ప్రశ్నల పరీక్షను పూర్తిగా పక్కన పడేసింది. రాజ్యాంగంలో ఉన్న మాటలే చూడాలి, ట్రస్టీ అంటే ట్రస్టీలాగే ఉండాలి అని.

నేను మైక్ ఆన్ చేసి నా ఉత్తరం చదివాను. ముందు అనుకున్నది కాదు, ఆగలేకపోయాను. ఎవరూ కాసేపు మాట్లాడలేదు. తర్వాత మేడమ్ "ఈ వర్క్‌షాప్ అయ్యేదాకా ఈ ఉత్తరాన్నే పరీక్షగా పెట్టుకుందాం, ఏ దేశం వాక్యం చదివినా ఈ ఉత్తరానికి అది జవాబు చెప్పగలదా అని చూద్దాం" అన్నారు. ముందే తయారుచేసుకున్న ప్లాన్‌ను ఒక మనిషి బాధ కోసం మార్చుకునే టీచర్లు ఎంతమంది ఉంటారు? నేను ఇంత పొడుగు రివ్యూ రాస్తున్నది ఆ ఒక్క మాటకి కృతజ్ఞతతోనే.

అప్పటి నుంచి ప్రతి కేసూ అలాగే చదివాం. అమెరికాలోనే మోంటానా రాష్ట్ర రాజ్యాంగం 1972లో రాసింది, అందులో "స్వచ్ఛమైన, ఆరోగ్యకరమైన పర్యావరణం" హక్కుల జాబితాలోనే ఉంది. అక్కడ ఒక బంగారు గని ప్రాజెక్టు కోసం బావుల్లోంచి పంపుతో తోడిన నీళ్ళలో ఆర్సెనిక్ ఉంది. అలాంటి నీళ్ళు వదలడాన్ని చట్టమే పరిశీలన నుంచి మినహాయించింది, అంటే చట్టప్రకారం అంతా సక్రమం. 1999లో మోంటానా సుప్రీంకోర్టు దీన్ని ఒప్పుకోలేదు. నదుల్లో, వాగుల్లో చచ్చిన చేపలు పైకి తేలేదాకా ఆగితేగానీ రాజ్యాంగ రక్షణ అందదని మా రాజ్యాంగం చెప్పడం లేదు అన్న అర్థం వచ్చేలా తీర్పులో రాసింది. ఆ వాక్యం నేను నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకున్నా. అదే మోంటానాలో 2020లో పదహారు మంది పిల్లలు, యువకులు కేసు వేశారు, వేసేనాటికి అందరికంటే చిన్నవాడికి రెండేళ్ళు. ప్రాజెక్టులకు అనుమతులిచ్చేటప్పుడు గ్రీన్‌హౌస్ వాయువుల సంగతి చూడకూడదని చట్టం అంటోంది, అది మా హక్కుకు విరుద్ధం అని. 2023 ఆగస్టులో గెలిచారు, 2024 డిసెంబరులో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు కూడా సమర్థించింది.

గమనించారా, ఈ రెండు కేసుల్లోనూ ఎవరూ చట్టాన్ని మీరలేదు. చట్టమే హక్కును మీరింది. నాకు కావాల్సిన దారి ఇదే.

పరిమితుల గురించి ఇంకో సంగతి కూడా ఆ వారమే రీడింగ్‌లో చదివాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో గాలిలో పీఎం 2.5 అనే అతి సన్నని ధూళికి సంవత్సర సగటు ఘనపు మీటరుకు 10 మైక్రోగ్రాములు దాటకూడదని సూచించింది. 2021లో కొత్త ఆధారాలు చూసి దాన్ని 5కి తగ్గించింది. ఇవి దేశాలను కట్టిపడేసే చట్టాలు కావు, సూచనలు మాత్రమే. కానీ ఆలోచించండి, నిన్నటిదాకా పరవాలేదనుకున్న గాలి ఈరోజు పరవాలేదు అనిపించుకోవడం లేదు. గాలి మారలేదు, దాని గురించి మనకు తెలిసింది మారింది. ఒకసారి నోటిఫికేషన్‌లో అచ్చేసిన అంకెను పట్టుకుని, అది దాటలేదు కాబట్టి మీ పిల్ల ఆయాసంతో మాకు సంబంధం లేదనడం ఎంత తప్పో నాకు అప్పుడు స్పష్టంగా అర్థమైంది.

మూడో వారం, కోర్టు తలుపు ఎవరు తట్టవచ్చు అన్నది. ఇక్కడ ఫిలిప్పీన్స్ కథ. 1987 రాజ్యాంగంలో సమతుల్యమైన, ఆరోగ్యకరమైన జీవావరణం ప్రజల హక్కు అని రాసుకున్నారు, కానీ అదీ విధాన సూత్రాల భాగంలోనే, హక్కుల పట్టికలో కాదు. అడవులు నరికే లైసెన్సులు రద్దు చేయాలని కొందరు పిల్లలు తల్లిదండ్రుల ద్వారా కేసు వేశారు, తమ తరఫునే కాదు, ఇంకా పుట్టనివాళ్ళ తరఫున కూడా. 1993లో ఒపోసా కేసులో అక్కడి సుప్రీంకోర్టు సరే అంది. విధాన సూత్రాల్లో ఉన్నంత మాత్రాన ఈ హక్కు తక్కువదేమీ కాదు, మనిషి బతకడానికే సంబంధించినది కాబట్టి అసలు రాయకపోయినా ఉన్నట్టే అంది. అంటే చోటు ముఖ్యమే, కానీ గట్టి కోర్టు ఉంటే చోటు బలహీనతను దాటవచ్చు. "గట్టి కోర్టు దొరకడం అదృష్టం, గట్టి వాక్యం రాయడం మన పని" అని మా బ్యాచ్‌లో ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు అన్నారు, అందరం చప్పట్లు కొట్టాం. ఆ తీర్పుతోనే లైసెన్సులేవీ రద్దు కాలేదని, కేసు విచారణ కోసం తిరిగి కింది కోర్టుకు వెళ్ళిందని కూడా మేడమ్ దాచకుండా చెప్పారు. తర్వాత 2010లో ఆ కోర్టు పర్యావరణ కేసుల కోసమే "రిట్ ఆఫ్ కలికాసన్" అనే ప్రత్యేక రిట్ (కోర్టు ఆదేశం) తెచ్చింది. కలికాసన్ అంటే వాళ్ళ భాషలో ప్రకృతి.

సమాచారం అడిగే హక్కు, నిర్ణయంలో పాలుపంచుకునే హక్కు, కోర్టుకు వెళ్ళే హక్కు, ఈ మూడూ లేకపోతే అసలు హక్కు ఉత్త కాగితమే అని 1998 ఆర్హస్ ఒప్పందం గురించి ఒక గంట చెప్పారు. అవసరమే, కాస్త నీరసంగా సాగింది. సమాచారం గురించి మాత్రం నాకు కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ ఫ్యాక్టరీ పొగ రీడింగులు ఏంటో చెప్పండి అని అడిగితే ఇవ్వడానికి ఏడు నెలలు పట్టింది, అదీ పగటిపూట తీసినవి.

ఇప్పుడు నచ్చనివి.

నాలుగో వారం ఈ హక్కు ఎక్కడ ఓడిపోయిందో చూడాల్సిన వారం. అది పరుగులు పెట్టించారు. నా లెక్కలో ఇదే అన్నిటికంటే పెద్ద లోపం. నార్వే రాజ్యాంగంలో పర్యావరణ హక్కు గురించి 112వ అధికరణం ఉంది, బారెంట్స్ సముద్రంలో చమురు లైసెన్సుల మీద పర్యావరణ సంస్థలు కేసు వేస్తే 2020 డిసెంబరులో అక్కడి సుప్రీంకోర్టు ప్రభుత్వం వైపే తీర్పిచ్చింది. పార్లమెంటు తీసుకున్న నిర్ణయాన్ని కోర్టు కొట్టేయాలంటే ఆ అధికరణం పెట్టిన విధిని మరీ ఘోరంగా విస్మరించి ఉండాలి అని. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం సంగతి చూడండి. 2021లో ఓటర్లు ఆమోదించిన ఒక్క వాక్యం, ఇంగ్లీషులో లెక్కపెడితే పదిహేను మాటలు: ప్రతి వ్యక్తికీ స్వచ్ఛమైన గాలి, నీరు, ఆరోగ్యకరమైన పర్యావరణం హక్కు. ఎంత అందంగా ఉంది! నా మొదటి వాక్యానికి అక్కలా ఉంది. ఒక పెద్ద చెత్త డంపింగ్ యార్డు వాసన భరించలేక జనం కోర్టుకెళ్తే, ప్రైవేటు యార్డు మీద చర్య తీసుకోమని రాష్ట్రాన్ని కోర్టు బలవంతం చేయలేదని 2024లో అక్కడి అప్పీలు కోర్టు అంది. నాకు ఇది అందరికంటే ఎక్కువగా అవసరమైన కేసు, ఎందుకంటే నా సమస్య కూడా ప్రైవేటు ఫ్యాక్టరీయే. దీనికి ఇచ్చింది పన్నెండు నిమిషాలు. నేను టైమ్ చూసుకున్నా.

ఎదుటివాళ్ళ వాదన కూడా సరిగ్గా వినిపించలేదు. ఎన్నికైనవాళ్ళు చేయాల్సిన నిర్ణయాలు జడ్జీలు చేయడమేంటి అన్నది తీసిపారేసే ప్రశ్న కాదు. 'ఆరోగ్యకరం' అంటే ఎంత అని ఎవరు తేలుస్తారు? పర్యావరణానికి, పర్యావరణానికే గొడవ వస్తే? 2024 మార్చిలో భారత సుప్రీంకోర్టు రంజిత్‌సిన్హ్ కేసులో వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణ పొందే హక్కు 14, 21 అధికరణాల్లో ఉందని గుర్తించింది. ఆ కేసు అసలు దేని గురించో తెలుసా? బట్టమేక పక్షి కరెంటు తీగలకు గుద్దుకుని చనిపోతోంది, తీగలు భూమిలో వేయమంటే సోలార్ విద్యుత్తుకు ఇబ్బంది. ఒక పక్క అంతరించిపోతున్న పక్షి, ఇంకో పక్క బొగ్గు తగ్గించే కరెంటు. ఆ వాతావరణ హక్కును గుర్తిస్తూనే, తీగలన్నీ భూమిలో వేయాలన్న తన పాత ఆదేశాన్ని కోర్టు సడలించింది. ఇలాంటి కేసు మీద రెండు గంటలూ పెట్టినా తక్కువే. మా బ్యాచ్‌లో ఒకాయన కంపెనీలో పనిచేసేవారు, నిజాయితీగా ఈ ప్రశ్నలే అడిగారు, "తర్వాత మాట్లాడదాం" అన్నారు గానీ ఆ తర్వాత రాలేదు. ఆయన ఐదో వారం నుంచి కనిపించలేదు. అది నాకు బాధనిపించింది. ఒప్పుకోనివాళ్ళు వెళ్ళిపోతే మన వాక్యాన్ని గట్టిగా విరగ్గొట్టేదెవరు?

ఐదో వారం గెస్ట్ లెక్చర్. ఐక్యరాజ్యసమితి గురించి. 1972 స్టాక్‌హోమ్ సమావేశం నుంచి మొదలుపెట్టి, 2022 జులై 28న జనరల్ అసెంబ్లీ 161 ఓట్లతో, ఒక్క వ్యతిరేక ఓటు లేకుండా, 8 దేశాలు తటస్థంగా ఉండగా, స్వచ్ఛమైన, ఆరోగ్యకరమైన, సుస్థిరమైన పర్యావరణం మానవ హక్కు అని తీర్మానించడం దాకా చెప్పారు. తెలుసుకోవాల్సిందే. ఆ తీర్మానం దేశాలను చట్టపరంగా కట్టిపడేయదని ఒక్క మాట చెప్పి ముందుకెళ్ళి ఉంటే బాగుండేది, ఆయన మాత్రం గంటసేపు అదే విజయం అన్నట్టు మాట్లాడారు. వాతావరణ మార్పు మీద 2025 జులైలో అంతర్జాతీయ న్యాయస్థానం ఇచ్చిన సలహాపూర్వక అభిప్రాయం దగ్గరికి వచ్చేసరికి టైమ్ అయిపోయింది. ఈక్వడార్ 2008 రాజ్యాంగం ప్రకృతికే హక్కులిచ్చిన సంగతి, 2021లో లోస్ సెడ్రోస్ అడవిలో గనుల తవ్వకానికి అక్కడి రాజ్యాంగ కోర్టు అడ్డుకట్ట వేసిన సంగతి, రెండు స్లైడ్లలో అయిపోయాయి.

తీర్పు వచ్చాక ఏమవుతుంది అన్నది అసలు సిలబస్‌లోనే లేదు. అర్జెంటీనాలో మతాన్సా-రియాచుయెలో నదిని శుభ్రం చేయాలని 2008లో అక్కడి సుప్రీంకోర్టు ఆదేశించింది, ఆ తర్వాత ఏళ్ళ తరబడి పర్యవేక్షణ నడిచింది. తీర్పు ఒక రోజు పని, నది ఎన్నో ఏళ్ళ పని. దక్షిణాఫ్రికా రాజ్యాంగం 24వ సెక్షన్ ఆరోగ్యానికి హాని చేయని పర్యావరణం అందరి హక్కు అంటుంది. దాని ఆధారంగా 2022లో ప్రిటోరియా హైకోర్టు, బొగ్గు విద్యుత్ కేంద్రాలున్న హైవెల్డ్ ప్రాంతంలో గాలి కాలుష్యం ఈ హక్కును ఉల్లంఘిస్తోందని ప్రకటించింది. అక్కడి పిల్లలు మర్నాటి నుంచి మంచి గాలి పీల్చారా? ఇది అడగకుండా వర్క్‌షాప్ ముగించకూడదు. ఏడో వారం పెట్టి ఇదొక్కటే చెప్పండి అని ఫీడ్‌బ్యాక్ ఫారంలో రాశాను.

చిన్న చిన్న ఇబ్బందులు కూడా ఉన్నాయి. రీడింగ్ ఫైళ్ళు స్కాన్ చేసినవి, ఫోన్‌లో చదవాలంటే కళ్ళు లాగేస్తాయి, వెతకడానికి వీలుండదు. తీర్పుల తెలుగు సారాంశాలు మరీ గ్రాంథికంగా ఉన్నాయి, "ప్రతివాది వాదనతో ఏకీభవించజాలము" తరహాలో. రికార్డింగులు వారం తర్వాత తీసేస్తారు. పిల్లలున్నవాళ్ళకి, రాత్రి డ్యూటీ చేసేవాళ్ళకి అది కష్టం. నర్సు అక్క రెండు క్లాసులు అలాగే పోగొట్టుకుంది.

భాష విషయంలో మాత్రం ఒక మంచి జరిగింది. ఇంగ్లీషు వాక్యాలను తెలుగులోకి తెచ్చుకుంటూ ఉంటే వాటి లోపలి అర్థం బయటపడేది. 'పర్యావరణం' అనగానే మా అందరికీ అడవులు, పులులు గుర్తొచ్చాయి. 'గాలి, నీరు, నేల' అని రాయగానే అందరికీ సొంత ఇల్లు గుర్తొచ్చింది. ట్రస్టీ అన్న చోట ఎవరో 'సంరక్షకుడు' అని రాశారు, మాస్టారు 'ధర్మకర్త' అన్నారు. ధర్మకర్త అంటే ఆస్తి తనది కాదు, అనుభవించే హక్కు లేదు, లెక్క చెప్పాలి, తర్వాతివాళ్ళకి అప్పగించాలి. ఒక్క మాటలో ఇన్ని ఉన్నాయి. ఆ మాట మీద ఇరవై నిమిషాలు మాట్లాడుకున్నాం. ఇలా ప్రతి మాటనీ చేత్తో పట్టుకుని చూడటం పుస్తకం చదివితే రాదు. నేను తర్వాత ప్రయత్నించాను కూడా.

చివరి శనివారం నేను ఇచ్చిన వాక్యం ఇది. మొదటిదానితో పోల్చి చూడండి.

"ఆరోగ్యానికి హాని చేయని గాలి, నీరు, నేల ప్రతి మనిషికీ హక్కు, ఇంకా పుట్టనివారికీ అదే హక్కు. ప్రభుత్వం వీటికి ధర్మకర్త. ఇతరులు చేసే హానిని ఆపడం కూడా దాని బాధ్యత. ఏదైనా చట్టాన్ని లేదా పరిమితిని పాటించడం ఒక్కటే ఈ హక్కును కాపాడినట్టు కాదు. ఈ హక్కు కోసం ఎవరైనా నేరుగా కోర్టుకు వెళ్ళవచ్చు."

మూడో వాక్యం న్యూయార్క్ కేసు చదివాక చేర్చింది. నాలుగో వాక్యం నా ఉత్తరానికి జవాబు. దీన్నీ విరగ్గొట్టారు, సందేహం లేదు. "హాని అంటే ఎంత హాని? వంట పొగ కూడా హానే కదా" అని ఇంజినీరింగ్ కుర్రాడు పట్టుకున్నాడు. "పరిమితి పాటించినా తప్పే అంటే నేను ఏది పాటించాలి మరి" అని కంపెనీ వకీలు వేషంలో మాస్టారు. నా దగ్గర సగం జవాబులే ఉన్నాయి. కానీ మొదటి వారంలాగా పది నిమిషాల్లో పడిపోలేదు, నలభై నిమిషాలు నిలబడింది. మేడమ్ తర్వాత రాతపూర్వకంగా పంపిన ఫీడ్‌బ్యాక్‌లో (మూడు వారాలు ఆలస్యంగా వచ్చింది, ఇదీ ఒక ఫిర్యాదే) నా నాలుగో వాక్యం కింద గీత గీసి, "ఇది ఉండాలి. పరిమితిని మార్చమని అడిగే హక్కును కూడా కలపగలవేమో చూడు" అని రాశారు. అది నాకు తట్టలేదు. ఇప్పుడు దాని మీదే ఉన్నా.

ఆఫీసుకు కొత్త అర్జీ పెట్టాను. ఈసారి పొగ ఎక్కువుందని రాయలేదు. ఆ పరిమితి ఏ సంవత్సరంలో, ఏ ఆధారాలతో పెట్టారు, చిన్నపిల్లల ఆరోగ్యాన్ని లెక్కలోకి తీసుకున్నారా, మళ్ళీ ఎప్పుడు సమీక్షిస్తారు, రాత్రిపూట రీడింగులు ఎక్కడున్నాయి అని అడిగాను. జవాబు ఇంకా రాలేదు.

ఐదుకి నాలుగు ఇస్తున్నా. నాలుగో వారం సరిగ్గా చేసి, తీర్పుల తర్వాత సంగతి కలిపితే ఐదు ఇచ్చేదాన్ని. లా చదివినవాళ్ళకి మొదటి రెండు వారాలు తెలిసినవే అనిపించవచ్చు, వాక్యం రాసే పని మాత్రం వాళ్ళకీ కొత్తే. ఏదో ఒక సర్టిఫికెట్ కోసమైతే వద్దు, రాయకపోతే ఇక్కడ ఏమీ దొరకదు. చేరేవాళ్ళకి రెండే మాటలు. రెండో వారం రీడింగ్ ముందే రెండుసార్లు చదువుకుని వెళ్ళండి. మీ దగ్గర కూడా నాలాంటి ఉత్తరం ఏదైనా ఉంటే, పక్కన పెట్టుకుని కూర్చోండి.